ఎనభై మూడు

తుపాను వెళ్ళిన ఆరో రోజు
కాశీబుగ్గకి కరెంటు వచ్చింది.
డాబా మీద ఒరిగిపోయిన డిష్షును
నేనూ మా సవరయ్యా
చెరో చెవీ పట్టుకుని ఆకాశం వైపు తిప్పాం.
సిగ్నల్ వచ్చింది. వరస పోయింది.

ఆరువందల పన్నెండు చానళ్ళు
సంత విడిచాక ఆఖరి బస్సెక్కిన జనంలా
ఒకదాని మీద ఒకటి.
భక్తి పక్కన బూట్ల అమ్మకం,
వార్తల ఒళ్ళో కార్టూను పిల్లి,
ఒడియా పాటల మధ్య ఇరుక్కుని
ఎక్కడిదో అరబ్బీ వాతావరణం.

జాబితాని పెన్‌డ్రైవులోకి దింపి
పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
దాని ఫ్యాను జీడిపిక్కల బాయిలర్‌లా రొప్పుతుంది.
'ఎస్' బొత్తాం ఊడి ఏడాదైంది,
కింది రబ్బరు బుడిపెని గోటితో నొక్కాలి.

ఒక్కో చానలూ ఒక్కో గీత.
అంకె, పేరు, ఫ్రీక్వెన్సీ,
తాళం వేసినదైతే చివర డాలరు గుర్తు.
మౌసుతో పట్టుకుని పైకి లాగితే
కిందివన్నీ ఒక మెట్టు దిగి చోటిస్తాయి.
రేషను లైన్లో ఇలా ఎవరూ జరగరు.

తెలుగు వార్తలు ఇరవై ఒకటి నుంచి.
వాటిలో ఏది ముందుండాలో
ఓనరు కోటబొమ్మాళి నుంచి ఫోన్లో చెప్పాడు,
ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.
సినిమాలు నలభై నుంచి.
స్టేషన్ వెనక ఇళ్ళ కోసం
ఒడియావి డెబ్బై నుంచి.
తాళాలవి తీసేశాను.
రెండేసి సార్లు వచ్చినవి తీసేశాను.
పాత నోటుబుక్కులో ఎనభై మూడు అని
నా చేత్తోనే రాసి ఉన్నదాన్ని,
పేరులేనిది, బొమ్మలేనిది, గొంతులేనిదాన్ని
ఆవలిస్తూ తీసేశాను.

తెల్లారగట్ల మూడున్నరకి
రెండువందల నాలుగు మిగిలాయి.
గట్టెక్కిన రైతులా
నడుం మీద చేతులేసుకుని చూసుకున్నాను.

పొద్దున్న షట్టరు సగం ఎత్తానో లేదో
లోలాక్షి.
జీడి ఫ్యాక్టరీలో పిక్క కొట్టే మనిషి.
కొంగులోంచి రిమోట్ తీసి బల్ల మీద పెట్టింది.
ఎనిమిది, మూడు,
ఆ రెండు బొత్తాలే
జీడిసొన తిన్న ఆమె వేళ్ళలాగ
నల్లబడి, అంకెలు చెరిగి ఉన్నాయి.

"ఏటి బాబూ, మా సానల్ తీసీసినావు?"

"అందులో ఏమీ రాదు కదమ్మా."

"రాదు. అదే గావాల మాకు.
నాలుక్కి నాను పనికెల్లిపోతే
గుంటడొక్కడే తొంగుంటాడు.
లైటేస్తే నిద్దరట్టదు, తీసేస్తే ఏడుస్తాడు.
అందుకే అదెట్టీసి ఎల్తాను.
నీలంగా ఉంటాది. మాటాడదు.
ఎవుల్నీ సంపదు, ఏదీ అమ్మదు.
ఇయ్యాల సీకట్లో అలవాటుకి నొక్కీసి ఎల్లిపోనాను.
ఎవుడో కత్తట్టుకుని వొచ్చినాడంట అందులో.
టిఫినీకెల్లి సూద్దును గదా,
గుంటడు మంచం కిందన ఉన్నాడు."

మళ్ళీ కూర్చున్నాను.
ఉన్నదాన్ని తీసేయడానికి ఒక్క బొత్తాం చాలింది.
లేనిదాన్ని పెట్టబోతే
కంప్యూటర్ వీఆర్వోలా సవాలక్ష అడిగింది.
ఏ ఉపగ్రహం? ఫ్రీక్వెన్సీ ఎంత?
పేరు గడి వదిలేస్తే
ఎర్రగీత గీసి వెనక్కి తోసింది.
ఆ ఖాళీలో 'ఖాళీ' అని రాస్తే
ఒప్పుకుంది.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు.
ఎనభై నాలుగూ ఐదూ
రాత్రొకచోట, పొద్దున్నొకచోట ఉన్నాయని
నూనెమిల్లు సాహు గారు ఒడియాలో మొదలెట్టి
తెలుగులో ముగించారు.
ఓనరు మాత్రం ఒక్కటే అడిగాడు,
"ఖాళీ ఏంట్రా? దాన్నుంచి నెలకెంతొస్తాది?"

సవరయ్య ఏమీ అనలేదు.
రాత్రి క్యారేజీ కడుక్కుని
కంట్రోల్ రూం మానిటరుకి ఎనభై మూడు పెట్టి
దాని ఎదురుగా చాప పరిచాడు.
నీలం గోడల మధ్య
డాలరు గుర్తులింకేమైనా మిగిలాయేమోనని
నేను జాబితా మొదటినుంచి చదువుతున్నాను.
అతని గురక
ఆ వెలుతురుకి బాగానే నప్పింది.